కొత్త ఇంజనుకు మృదుసాధన

కొత్తగా వచ్చిన ఏ వస్తువునూ దాని పూర్తి శక్తితో వాడకూడదని మా ఆయన పనిచేసే కార్యాలయంలో ఒక నియమం ఉంది. ఈ నియమం పుణ్యమా అని అక్కడ జనవరి నుంచి కొత్త ఫ్యాన్లు ఒకటో నంబరు మీదే తిరుగుతున్నాయి. కొత్త కుర్చీల్లో సగం వరకే కూర్చుంటున్నారు. కొత్త కంప్యూటరు రెండు నిమిషాలు పనిచేసి పది నిమిషాలు విశ్రాంతి తీసుకుంటోంది. ఆ పది నిమిషాలూ దానికి ఒంటరితనం అనిపించకుండా సిబ్బంది తోడుంటున్నారు. ఇంత మంచి నియమం ఎలా పుట్టిందో లోకానికి తెలియాలి. అది పుట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను, చేతిలో క్యారేజీతో.

మా ఆయన పేరు ధీరజ్. పెళ్ళయి రెండు నెలలైంది కాబట్టి 'మా ఆయన' అనడానికి దొరికిన ఏ అవకాశాన్నీ నేను వదులుకోవడం లేదు. ప్రాంతీయ బాల వైమానిక విజ్ఞాన కేంద్రంలో ఆయన ఇన్‌స్ట్రక్టరు. బడిపిల్లలకు బొమ్మ విమానాలు తయారు చెయ్యడం, ఎగరెయ్యడం నేర్పించడం ఆ కేంద్రం పని. కేంద్రం పెట్టి ఆరేళ్ళయింది. ఎగరెయ్యడం దాకా ఇంకా రాలేదు. మా ఆయన చేరిన ఎనిమిది నెలల్లో పల్చటి చెక్కతో నాలుగడుగుల విమానం ఒకటి చేసి, పసుపు రంగు వేసి, ఇంజను కోసం రాసి, ఇంజను వచ్చేదాకా దాన్ని వర్క్‌షాపు దూలానికి వేలాడదీశారు. గాలి వీచినప్పుడల్లా అది తలుపు వైపు తిరిగేది. దానికి కూడా బయటికి వెళ్ళాలని ఉందని నేను అనేదాన్ని. ఆయన నవ్వేవారు. నేను ఏమన్నా నవ్వుతారు. ఇది పెళ్ళిలో ఉన్న పెద్ద సుఖమని నాకు ముందు ఎవరూ చెప్పలేదు.

మాకు ఉన్న కోరిక ఒక్కటే. లంబసింగి వెళ్ళాలి. మేమిద్దరం గోదావరి జిల్లాలోనే పుట్టి పెరిగాం, మా వైపు చలికాలమంటే ఫ్యాను ఒక నంబరు తగ్గించుకోవడమే. మాట్లాడుతుంటే నోట్లోంచి పొగ రావడం మేము టీవీలో తప్ప చూడలేదు. ఆ పొగ ఒకరి మొహం మీద ఒకరం వదులుకోవాలని పెళ్ళిచూపుల నాడే ఒప్పందం కుదిరింది. కట్నాలు లేని పెళ్ళిలో ఉన్న ఏకైక షరతు అది. శివరాత్రికి చలి శివశివా అనుకుంటూ వెళ్ళిపోతుంది. అప్పటికి శివరాత్రికి ఇంకా ఆరు వారాలుంది. పది రోజుల సెలవు అడిగితే డైరెక్టరు చక్రపాణి గారు ఎంతో దయగా, "ఇంజను వచ్చింది కదా. దాన్ని సిద్ధం చేసేసి వెళ్ళండి. ఎన్నాళ్ళు పడుతుంది?" అని అడిగారు.

"అరగంటండి," అన్నారు మా ఆయన.

ఆ మాట చక్రపాణి గారికి నచ్చలేదని మాకు అప్పుడు తెలియలేదు.

శుక్రవారం పొద్దున్న కేంద్రం వెనక ఖాళీ స్థలంలో ఒక బల్లకు ఇంజను బిగించారు. నా గుప్పెట్లో పట్టేంత ఇంజను. ముందు ప్రొపెల్లరు, వెనక గ్లాసంత ట్యాంకు, పక్కన ఒక బుల్లి మర. ఆ మరను నీడిల్ అంటారు. బిగిస్తే ఇంజనులోకి ఇంధనం తగ్గుతుంది, వదిలితే పెరుగుతుంది. ఒక్కో గాటు తిరిగినప్పుడల్లా టిక్కుమంటుంది. ఇంధనంలో ఆముదం కలుపుతారు. చిన్నప్పుడు అమ్మమ్మ నా తలకు ఆముదం పెడుతుంటే వీధి చివరిదాకా వినపడేలా ఏడ్చేదాన్ని. అదే వాసన ఇప్పుడు ఎందుకంత హాయిగా ఉందో ఆలోచించాను. ఇంజను పక్కన ఉన్న మనిషి వల్ల కావచ్చు.

ఆయన ఒక కర్రతో ప్రొపెల్లరును తట్టారు. ఇంజను రెండుసార్లు తుమ్మి, మూడోసారి అందుకుంది. బడబడమంటూ, తెల్లటి పొగ కక్కుతూ, ఆయన చొక్కా మీద ఆముదం చుక్కలు చల్లుతూ తిరిగింది.

"ఇంత నిదానంగా తిరుగుతోందేంటండీ?" అన్నాను.

"కొత్తది కదా. లోపల పిస్టనూ సిలిండరూ ఇంకా ఒకదానికొకటి అలవాటు పడలేదు. మొదట్లో నూనె ఎక్కువ ఇచ్చి నెమ్మదిగా తిప్పాలి. రెండు నిమిషాలు తిప్పడం, ఆపడం, చల్లారనివ్వడం. తర్వాత ఒక్కో టిక్కూ బిగిస్తూ వేగం పెంచుకుంటూ పోవాలి. అరగంటకి ఫ్రీ అయిపోద్ది."

"అలవాటు పడకుండా తొందరపడితేనో?"

"రెండూ రాసుకుని పట్టేస్తాయి."

కొత్త పెళ్ళికూతురికి ఇంజను గురించి ఇలా చెప్పకూడదు. నేను క్యారేజీ వైపు చూస్తూ నిలబడ్డాను. అందుకే చక్రపాణి గారు మా వెనక నిలబడి అంతా విన్న సంగతి గమనించలేదు.

చక్రపాణి గారు ముప్పై రెండేళ్ళ సర్వీసులో ఏడు శాఖలు చూశారు. ఏ శాఖలోనూ ఆయన హయాంలో ఏదీ తొందరపడి జరగలేదు. అది తప్పని ఎవరో ఒకరు అంటూనే ఉండేవారు. ఆయన కూడా లోలోపల నొచ్చుకుంటూనే ఉండేవారట. ఇప్పుడు ఆయన కళ్ళు చెమర్చి ఉన్నాయి. పొగ వల్ల అనుకున్నాను.

"ధీరజ్ గారూ, మీరు చెప్పినది శాస్త్రమేనా?"

"అవునండి. ఇంజనుతో వచ్చిన కాగితంలో కూడా ఉందండి."

"కాగితంలో ఉందా." ఆయన ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకున్నారు. చదువుతూ ఒక్కో మాట దగ్గరా తల ఊపారు. "నెమ్మదిగా. మధ్య మధ్య విశ్రాంతితో. పూర్తి శక్తి వాడరాదు. నేను ముప్పై రెండేళ్ళుగా ఆచరిస్తున్నదానికి ఆధారము నేటికి లభించినది."

ట్యాంకులో ఇంధనం అయిపోయి ఇంజను ఆగింది. ఆయన చాలాసేపు దానివైపు గౌరవంగా చూశారు.

సోమవారానికి సర్క్యులరు వచ్చింది. కేంద్రంలో ఆరేళ్ళుగా అటెండరుగా ఉన్న వీర్రాజు దాన్ని మా ఇంటికే తెచ్చి చూపించాడు.

'ఇందుమూలముగా సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, కేంద్రములో నూతనముగా ప్రవేశించు సమస్త యంత్రములు, వస్తువులు, వ్యక్తులు మరియు ఆలోచనలు మృదుసాధన పొందిన పిమ్మటనే పూర్తి వినియోగమునకు అర్హములగును. మృదుసాధన ధ్రువపత్రము లేనిదే దేనినీ పూర్తి శక్తితో వాడరాదు. ఉల్లంఘన తీవ్రముగా పరిగణింపబడును.'

"ఆ 'ఆలోచనలు' అన్న ముక్క ఎందుకండీ, కాగితం దండగ," అన్నాడు వీర్రాజు. "మన ఆఫీసులోకి అవెక్కడ వస్తాయండి."

మృదుసాధనను పర్యవేక్షించడానికి ఒక విభాగం, వాళ్ళ మాటలో 'సెల్', ఏర్పడింది. సూపరింటెండెంటు గంగాభవాని గారు దానికి కన్వీనరు. ఆవిడ రిటైర్మెంటుకు రెండేళ్ళుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆవిడకు మొదటిసారి సొంత గది, తలుపు మీద పేరు వచ్చాయి. తలుపు కొత్తది కాబట్టి సగమే తెరిచేవారు. ఆవిడ కొంచెం లావు మనిషి. పక్కకి తిరిగి లోపలికి వెళ్ళేవారు, అయినా ఆ మొహంలో వెలుగు చూస్తే నాకు ముచ్చటేసేది. స్టోరుగదికి వేసిన కొత్త తాళం సగమే తిప్పి వదిలేశారు. మూడో రోజు స్టోరులోంచి పాత బకెట్లు పోయాయి. తాళానికి మాత్రం ఏమీ కాలేదని విభాగం సంతృప్తితో నమోదు చేసింది. కొత్త కెటిల్‌లో నీళ్ళు గోరువెచ్చన కాగానే ఆపేసేవారు. ఆ టీ నాకూ ఒకసారి ఇచ్చారు. మా ఆయనతో కలిసి తాగాను కాబట్టి బాగానే ఉంది.

ఇక ఇంజను. నిబంధనకు మూలపురుషుడు అదే కాబట్టి దాని మృదుసాధన ఆదర్శప్రాయంగా జరగాలని నిర్ణయించారు. బల్ల చుట్టూ నాలుగు కుర్చీలు వేశారు. మా ఆయన ఇంజను నడిపించారు. బడబడమంటూ తిరుగుతుండగా నీడిల్ మీద చెయ్యి వేసి, "ఇప్పుడొక టిక్కు బిగిస్తానండి," అన్నారు.

"ప్రతిపాదన ఏదీ?" అన్నారు చక్రపాణి గారు.

"ప్రతిపాదనేంటండి?"

"ఒక టిక్కు బిగించుటకు ప్రతిపాదన. కారణములతో."

"శబ్దం వింటే తెలిసిపోద్దండి. ఇది తిరుగుతున్నప్పుడే బిగించాలండి."

"తిరుగుతున్న యంత్రము విషయమున నిర్ణయము తీసుకొనుట శాఖా సంప్రదాయము కాదు. ముందు దానిని ఆగనివ్వండి."

"ఆగిపోతే ఇంక ఏ శబ్దం విని తిప్పమంటారండి?"

"మీటింగు మినిట్స్ చూసి తిప్పండి," అన్నారు గంగాభవాని గారు, ఆదుకుంటున్నట్టుగా.

ఇంజను మూడు నిమిషాల్లో ట్యాంకు ఖాళీ చేసి ఆగింది. ఒక టిక్కు మీద తీర్మానం రాయడానికి నలభై నిమిషాలు పట్టింది. అప్పటికి ఇంజను మంచు ముక్కలా చల్లబడిపోయింది. ట్యాంకు నింపి మళ్ళీ మొదటి నుంచి, సాయంత్రం దాకా; మర్నాడూ అంతే. వారం చివరికి ఒక టిక్కు మంజూరైంది. రెండో వారంలో ఇంకొకటి మంజూరై, అభ్యంతరం మీద ఒకటి రద్దయింది. సాధన ఎంతసేపు జరిగితే పూర్తయినట్టు అన్న ప్రశ్న మా ఆయన లేవనెత్తారు. కాగితంలో అరగంట అని ఉందని చూపించారు.

"అది కనీస పరిమితి," అన్నారు చక్రపాణి గారు. "ప్రభుత్వము కనీసముతో తృప్తి చెందదు."

ఈ లోపల మా ఆయన సెలవు దరఖాస్తు తిరిగొచ్చింది. మార్జిన్‌లో ఎర్ర సిరాతో రెండు కారణాలు రాసి ఉన్నాయి. ఒకటి, ఇంజను మృదుసాధన పూర్తయ్యేదాకా బాధ్యుడు ఊరు విడిచి వెళ్ళరాదు. రెండోది నేను మూడుసార్లు చదువుకున్నాను. 'దరఖాస్తుదారుని వివాహము నూతనము. సర్క్యులరు ప్రకారము తనిఖీ అవసరము.'

గంగాభవాని గారు ఆదివారం తనిఖీకి వచ్చారు. నేను పెసరట్లు వేశాను. ఆవిడ ఫారం తీసి మంచం మీద పరిచి, కళ్ళజోడు పెట్టుకున్నారు.

"ఏమీ అనుకోకు అమ్మాయ్, రాసినవి రాసినట్టు అడగాలి. యంత్రభాగముల నడుమ రాపిడి గలదా?"

"అంటే?"

"దెబ్బలాడుకున్నారా అని."

మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "మొన్న చివరి పెసరట్టు నువ్వు తినంటే నువ్వు తినంటూ ఓ పావుగంట గొడవైందండి," అన్నారు మా ఆయన.

"చివరికి ఎవరు తిన్నారు?"

"చల్లారిపోయిందండి. ఇద్దరం సగం సగం తిన్నాం."

ఆవిడ నిట్టూర్చి ఏదో రాసుకున్నారు. "పూర్తి వేగమున నడుపబడినదా? ఇది నేను అడగను, తల్లీ, గీత పెట్టేస్తాను. అనవసర శబ్దములు?"

"ఈయన నిద్రలో ఈలవేస్తారండి," అన్నాను. చెప్పేశాక మా ఆయన నావైపు చూసిన చూపుకి నాకు నవ్వాగలేదు. ఆయనకీ ఆగలేదు. గంగాభవాని గారు మా ఇద్దరినీ కళ్ళజోడు మీదుగా చూసి ఫారంలో చివరి గడి నింపారు. బుధవారం ఉత్తర్వు వచ్చింది. 'మిశ్రమములో తీపి అధికముగా నున్నది. నూతనత్వము ఏ మాత్రము తగ్గలేదు. దంపతులు కలిసి నలభై కిలోమీటర్లకు మించి ప్రయాణము చేయరాదు. రెండు నిమిషముల సంభాషణకు పది నిమిషముల విరామము పాటించవలెను.' మేము మొదటి ఆదేశాన్ని పాటించాం. రెండోదాన్ని పాటించామని నేను ప్రమాణం చెయ్యలేను.

మృదుసాధన పేరు అంతటా పాకింది. మూడు శాఖల వాళ్ళు అధ్యయనానికి వచ్చి, బల్ల దగ్గర ఫొటోలు దిగి, ఆముదం మరకలను గౌరవ చిహ్నంగా చొక్కాల మీద మోసుకెళ్ళారు. ఒకాయన వెళ్తూ, తమ శాఖకు వచ్చిన కొత్త అంబులెన్సును ఏడాదిపాటు ముప్పై దాటి నడపబోమని మాటిచ్చారు. చక్రపాణి గారు ఆయన్ని కౌగిలించుకున్నారు.

అదే రోజు మధ్యాహ్నం నేను క్యారేజీ తీసుకెళ్ళేసరికి మా ఆయన వర్క్‌షాపులో ఒక్కరే కూర్చుని ఉన్నారు. ఇంజను ప్రొపెల్లరును ఒక వేలితో తిప్పుతున్నారు. మొదటి రోజు అలా తిప్పితే అది మధ్యలో ఎదురు తన్నేది. వేలికి దెబ్బ తగిలేంత బలంగా తన్నేది. ఇప్పుడు నూనె రాసిన గాజులా జారిపోతోంది. ఆయన క్యారేజీ వైపు చూడలేదు. నలభై అయిదు రోజుల్లో అది మొదటిసారి.

"ఏమైందండీ?"

"అరిగిపోతోంది," అన్నారు. "ఇది వేడెక్కి తిరగాల్సిన ఇంజను. వేడెక్కితే సిలిండరు కాస్త విచ్చుకుంటుంది. వీళ్ళు వేడెక్కనివ్వరు. చల్లగా, బిగుతుగా, రోజూ తిప్పించి తిప్పించి... పది గంటలు తిరిగింది, ప్రత్యూషా. అరగంట చాలు దీనికి. ఒక్కసారి కూడా గొంతు విప్పలేదు. ఇంకో వారం ఇలాగే తిప్పితే ఇంక స్టార్టవ్వదు."

వీర్రాజు గుమ్మంలో నిలబడి విన్నాడు. "ఊరుకోండి సార్. నాది ముప్పై ఏళ్ళ సర్వీసండి. నన్నెవరూ ఇప్పటిదాకా ఫుల్ స్పీడులో వాడలేదండి. చూడండి, చెక్కు చెదరలేదు."

మా ఆయన నవ్వలేదు. దూలానికి వేలాడుతున్న పసుపు విమానం తలుపు వైపు తిరిగి ఉంది. శివరాత్రికి పన్నెండు రోజులుంది. ఆయనకు లంబసింగి కన్నా ఆ విమానం ఒక్కసారి పైకి లేవడం ఎక్కువ కావాలని నాకు అప్పుడు అర్థమైంది. నాకు రెండూ కావాలి. నేను ఎం.ఏ. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదివాను. చదువుకున్నదంతా ఎక్కడ పనికొస్తుందా అని అంతకుముందు వరకు అనుకుంటూ ఉండేదాన్ని.

నేరుగా గంగాభవాని గారి సగం తలుపులోంచి లోపలికి వెళ్ళాను.

"ఆంటీ, ఇంజను మృదుసాధన ఎప్పటికి పూర్తవుతుందండి?"

ఆవిడ గొంతు తగ్గించారు. "నీ దగ్గర దాచడమెందుకమ్మాయ్. అది పూర్తయినట్టు నేను సంతకం పెట్టాననుకో, మర్నాడు ఈ సెల్ ఎందుకని పైవాళ్ళు అడుగుతారు. నా గది పోద్ది. తలుపు మీద పేరు పోద్ది. ముప్పై ఆరేళ్ళు ఫ్యాను కింద నలుగురితో కలిసి కూర్చున్నాను. రెండేళ్ళు ఇలా కూర్చుని వెళ్ళిపోదామని ఆశ. తప్పంటావా?"

తప్పనలేకపోయాను. నిజంగానే అనలేకపోయాను. "తప్పు కాదండి. కాని పూర్తయితే సెల్ పోతుంది. మరి ఇంజను పోతేనో?"

"అంటే?"

"సాధనలో ఉండగానే పాడైపోయిందనుకోండి. పనికిరాదని దాన్ని కండెమ్ చేస్తారు. దాని బదులు కొత్త ఇంజను కొంటారు. కొత్తదానికి మళ్ళీ మొదటి టిక్కు నుంచి సాధన. ఈసారి రెండు ఇంజన్లు కావాలని రాయొచ్చు. ఒకటి పోతే ఒకటి ఉంటుందని."

గంగాభవాని గారు కళ్ళజోడు తీశారు. "నువ్వు ఎవరి పిల్లవే," అన్నారు చివరికి.

మధ్యాహ్నం మూడింటికల్లా కమిటీ కూర్చుంది. ఆ కేంద్రం చరిత్రలో అంత వేగంగా జరిగిన పని మరొకటి లేదు. నేను ఖాళీ క్యారేజీ తీసుకెళ్ళడానికి వచ్చినదాన్ని కదా, కిటికీ పక్కన నిలబడ్డాను. చక్రపాణి గారు కండెమ్నేషన్ ఫైలు చదివి విచారంగా తల ఊపారు.

"సాధనలోనే తనువు చాలించినది. ధన్యజీవి. అయితే దీని విసర్జన ఎట్లు? ఆముదముతో, ఇంధనముతో తడిసిన యంత్రము. జనావాసముల మధ్య పారవేయరాదు."

"ముందు పూర్తిగా చల్లార్చాలని కాగితంలో ఉంది కదండి," అన్నారు మా ఆయన. అంతకు ముందు రెండు నిమిషాల పాటు నేను ఆయనకు కిటికీలోంచి ఏం చెప్పానో ఇక్కడ రాయనవసరం లేదు.

"నిశ్చయముగా. చల్లార్చకుండ విసర్జించుట నియమవిరుద్ధము. కాని మన ప్రాంతమున ఇప్పటికే ఎండలు. ఇక్కడ చల్లార్చితే చల్లార్చినట్లు కాదు." చక్రపాణి గారు గోడ మీది మ్యాపు వైపు తిరిగారు. ఆయన ఆలోచిస్తున్నప్పుడు ఎవరూ ఊపిరి పీల్చరు. "గంగాభవాని గారూ, చేరువలో అత్యంత శీతల ప్రదేశము ఏది?"

ఆవిడ కిటికీ వైపు చూడకుండా, "లంబసింగి అంటారండి," అన్నారు.

"దూరము?"

"నూట అరవై ఉండొచ్చండి."

"అయితే విధి నిర్వహణపై పంపుడు. సెలవు కాదు కాబట్టి వివాహ నిబంధన వర్తించదు. విసర్జనకు ఒక సాక్షి అవసరము. సాక్షి శాఖతో సంబంధము లేని వ్యక్తి అయి ఉండవలెను. విద్యావంతులైనచో మేలు." ఆయన కిటికీలోంచి నన్ను చూశారు. "అమ్మా, మీరు ఏమి చదివితిరి?"

వీర్రాజు పసుపు విమానాన్ని దూలం మీంచి దించి, దుప్పటిలో చుట్టి, లంబసింగి దారిలో ఉన్న నర్సీపట్నం బస్సు పైన కట్టేదాకా వదల్లేదు. "మీ డ్యూటీ కాగితంలో ఇంజను ఒక్కటే ఉంది కదా, ఇదెందుకు?" అని కండక్టరు అడిగితే, "ఇంజనుకి కవరండి," అన్నాడు.

లంబసింగి పైన ఆ రోజు పొద్దున్న ఎంత చలి అంటే, నేను మాట్లాడిన ప్రతి మాటా కనిపించింది. మా ఒప్పందం ప్రకారం ఆయన మొహం మీదికి రెండుసార్లు పొగ వదిలాను. ఆయన వెనక్కి వదల్లేదు. విమానం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఇంజనుతో కుస్తీ పడుతున్నారు. బలం పోయిన ఇంజను, పైగా చలి. ఇరవైసార్లు తట్టారు. తుమ్మనైనా తుమ్మలేదు.

"ఇలా ఇవ్వండి," అని ఇంజను చుట్టూ నా రెండు చేతులూ వేసి పట్టుకున్నాను. లోయ నిండా మంచు పాలపొంగులా ఉంది. పక్కనే టీ అమ్మే ఆవిడ నిప్పుల కుంపటి జరిపి, "దగ్గర పెట్టకండమ్మా, అంటుకుంటాది, చేతులు కాసుకుని పట్టుకోండి," అంది. అలా కాసుకుని, పట్టుకుని, కాసుకుని, పట్టుకుని, నా చేతులు రెండూ ఆముదం కంపు కొట్టాయి. తర్వాత ఆయన ట్యాంకు నింపి, రెండు చుక్కలు లోపల వేసి, కర్రతో తట్టారు. ఇంజను దగ్గింది. ఇంకోసారి తట్టారు. అందుకుంది.

అవే పాత బడబడలు. ఆయన నీడిల్ మీద వేళ్ళు పెట్టి నావైపు చూశారు.

"ప్రతిపాదన ఉందా?" అన్నాను.

ఒక టిక్కు. రెండు. మూడు. శబ్దం మారుతోంది. బడబడ కాస్తా బుర్రుమంది, బుర్రు కాస్తా సన్నటి, తెగని కూతలా సాగింది. ఆయన ఇంకొక్క టిక్కు బిగించి, చెవి పెట్టి, రెండు టిక్కులు వెనక్కి తిప్పారు. ఆ ఇంజనులో ఇంత గొంతు ఉందని ఆయనకు కూడా తెలియదని ఆయన మొహం చూస్తే తెలిసింది. విమానాన్ని నా చేతుల్లో పెట్టి, రిమోటు పెట్టెను మెళ్ళో వేసుకుని, ముక్కు తుడుచుకుని, "వదులు," అన్నారు.

వదిలాను.

రెండు నిమిషాల నలభై సెకన్లు ఎగిరింది. మంచు మీద పసుపు రంగు. రెండు చక్కర్లు కొట్టింది. మూడో చక్కరులో ఆయన దాన్ని నా తల మీదుగా తెచ్చారు, నేను వంగాను, టీ అమ్మే ఆవిడ కూడా వంగింది. తర్వాత కూత తగ్గి, దగ్గు వచ్చి, ఇంజను గాల్లోనే ఆగిపోయింది. విమానం చప్పుడు లేకుండా దిగి, గడ్డిలో కొంత దూరం జారి, ఒక రాయికి ఆనుకుని నిలిచింది. మా ఆయన పరుగెత్తి వెళ్ళి ప్రొపెల్లరును వేలితో తిప్పారు. ఎటూ అడ్డం లేకుండా గిర్రున తిరిగింది. అయిపోయింది. ఆయన కళ్ళు తుడుచుకుని లేచి, నా దగ్గరికి వచ్చి, నా మొహం మీదికి పొగ వదిలారు.

శివరాత్రి మర్నాడు విసర్జన నివేదిక ఇవ్వడానికి నేనూ వెళ్ళాను. సాక్షి సంతకం కావాలి కదా. గంగాభవాని గారి గదిలో రెండు కొత్త ఇంజన్ల కోసం రాసిన ఫైలు అప్పటికే బల్ల మీద ఉంది. ఆవిడ మా ఫారం తీసుకుని గడి గడీ చదివి టిక్కు పెడుతూ వచ్చారు. చివర రెండు గడుల దగ్గర పెన్ను ఆగింది.

"వస్తువు తొలిసారి వినియోగింపబడిన తేదీ, తుది వినియోగ తేదీ. రెండింటికీ ఒకటే తేదీ వేశారేంటమ్మాయ్?"

"అదే నిజమండి," అన్నాను. "కావాలంటే రెండో గడి ఖాళీగా ఉంచుతాను."

ఆవిడ సంతకం పెట్టి, ముద్ర వేసి, దాన్ని జాగ్రత్తగా ఫైల్లో పెట్టారు.

"ఉండనీ తల్లీ," అన్నారు. "మన శాఖలో చాలావాటికి చివరి గడి ఒక్కటే నింపుతాం. దీనికి రెండూ నిండాయి."